కొత్తవాడ జంపఖానా ఫిల్మ్: క్లోన్ బ్రష్ మరమ్మతుల డైరీ

ఆదివారం

ఎడిటింగ్ పూర్తయింది. తొమ్మిది నిమిషాల డాక్యుమెంటరీ. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక కుటుంబం గురించి. కెమెరా పట్టిందీ దర్శకత్వం చేసిందీ నా మిత్రుడు, హనుమకొండలో నా గదిలో కూర్చుని దాన్ని కూర్చింది నేను. ఇక ఒక్క షాటు కూడా ముందు వెనుకలు కాదు, ఒక్క ఫ్రేము కూడా పెరగదు, తరగదు అని ఇద్దరం ఒప్పుకున్న తరువాతే మరమ్మతులు మొదలుపెట్టాలన్నది నా పట్టుదల. రాత్రంతా కూర్చుని బాగుచేసిన షాటును మరునాడు ఉదయం దర్శకుడు తీసేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మిత్రుడు ఒక కాగితం ఇచ్చాడు. పైన "తుడిచేయవలసినవి" అని రాసి, దాని కింద గీత కూడా గీశాడు. ఖిలా వరంగల్ తోరణం షాట్లలో ఆకాశం మీద నల్ల మచ్చ. మగ్గం గదిలో గోడ క్యాలెండర్ మీద ఎవరిదో ఫోను నంబరు. వాకిట్లో పరిచిన జంపఖానా మీద మైకు తీగ. ఆ ఇంటి పెద్దాయన తండ్రి పాత ఫొటో మీద మడత, బూజు. వీధి షాటులో కరెంటు తీగలు. ఒక జంపఖానాలో రంగు తేడాగా పడిన చార.

కరెంటు తీగల మీద అప్పుడే అడ్డగీత పెట్టాను. కొత్తవాడ ఇరుకు వీధిలో తలెత్తితే ఆకాశం కంటే ముందు కనిపించేవి తీగలే. అవి తీసేస్తే అది ఏ ఊరో కూడా తెలియదు. రంగు చార సంగతి నేసిన మనిషినే అడగాలి, దాన్ని పక్కన పెట్టాను. మిగతా నాలుగూ చేయవలసినవే.

సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్. బొమ్మలో ఒక చోటును నకలు తీసి మరో చోట వేసే క్లోన్ బ్రష్ ఉండేది అందులోని ఫ్యూజన్ పేజీలో. ఫ్యూజన్ మొదట విడిగా వచ్చిన సాఫ్ట్‌వేర్, 2018లో వచ్చిన 15వ వెర్షన్‌తో రిజాల్వ్‌లో కలిసింది. ఫ్రేములన్నీ విడి బొమ్మలుగా బయటకు తీసి, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ సరిచేయవచ్చు కదా అని మిత్రుడు అడిగాడు. మా ఫిల్మ్ సెకనుకు 25 ఫ్రేములు. ఆరు సెకన్ల షాటంటే 150 బొమ్మలు. ఓపిక ఉన్నా ఫలితం బాగుండదు. ప్రతి బొమ్మలో చేయి కాస్త వేరుగా పడుతుంది. విడిగా చూస్తే ప్రతి ఫ్రేమూ ముచ్చటగానే ఉంటుంది, వరుసగా ఆడిస్తే మాత్రం దిద్దిన చోటు పురుగులు పాకినట్టు కదులుతుంది. వీడియోలో ఒక చోటు బాగుచేయడమంటే ఒకే దిద్దుబాటును అన్ని ఫ్రేములలోనూ నిలబెట్టడం. కష్టమంతా అక్కడే ఉంది.

సోమవారం

ఆకాశంలో మచ్చతో మొదలుపెట్టాను. అన్నిటిలోకీ తేలికైనది అదే.

తోరణాల దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండలో తీశారు. కాంతి ఎక్కువై మిత్రుడు ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, 16 దాకా మూసేశాడు. కెమెరాలో బొమ్మ పట్టే సెన్సర్ మీది గాజుపై ఒక ధూళికణం ఉంది. ఎపర్చర్ చిన్నదైతే దాని నీడ గట్టిగా, అంచులతో సహా పడుతుంది. పెద్దగా తెరిస్తే ఆ నీడే విచ్చుకుని కలిసిపోతుంది. అందుకే మగ్గం గదిలో 2.8 దాకా తెరిచి తీసిన షాట్లలో అదే ధూళి ఉన్నా కనిపించదు. కెమెరా అద్దెకు తెచ్చిన వాళ్ళందరూ ముందుగా ఒక తెల్ల గోడనో ఆకాశాన్నో ఎపర్చర్ మూసి ఒకసారి తీసి చూసుకుంటే ఈ పని తప్పుతుంది.

ఈ మచ్చలో ఒక సుగుణం ఉంది. అది సెన్సర్ మీద ఉన్నది కనుక కెమెరా ఎటు తిరిగినా ఫ్రేములో దాని చోటు మారదు. కదలికను వెంబడించే ట్రాకింగ్ అక్కర్లేదు. పెయింట్ నోడ్ (ఫ్యూజన్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టె, దాన్నే నోడ్ అంటారు) వేసి, క్లోన్ పద్ధతి ఎంచుకుని, ఆల్ట్ నొక్కి ఎక్కడి నుంచి తీసుకోవాలో అక్కడ క్లిక్ చేసి, మచ్చ మీద ఒక చుక్క పెడితే చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఫ్యూజన్ పెయింట్‌లో మొదట చేతికి వచ్చే బ్రష్ మల్టీస్ట్రోక్. అది మామూలుగా ఒక్క ఫ్రేముకే పరిమితం. గీసిన ఫ్రేములో మచ్చ మాయమవుతుంది, పక్క ఫ్రేముకు వెళ్తే మళ్ళీ ప్రత్యక్షం. షాటంతా నిలవాలంటే గీయకముందే పైన పట్టీలో స్ట్రోక్ అనే రకాన్ని ఎంచుకోవాలి. కొత్తగా నేర్చుకునే వారిని మల్టీస్ట్రోక్ ఒకసారైనా బోల్తా కొట్టిస్తుంది.

ఇక ఎక్కడి నుంచి తీసుకోవాలి? నన్ను అడిగితే క్లోన్ బ్రష్‌లో నేర్చుకోవలసింది ఈ ఒక్క ప్రశ్నకు జవాబే. ఆకాశం ఒకే నీలంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ పైన ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత. మచ్చకు పైనుంచి తెస్తే ముదురు చుక్క, కిందనుంచి తెస్తే లేత చుక్క. మచ్చ పోయి దాని స్థానంలో మరో మచ్చ వస్తుంది. అందుకని అదే ఎత్తులో అడ్డంగా పక్కకు వెళ్ళి తెచ్చాను. ఎండ ఎడమ వైపు నుంచి వస్తోంది కనుక ఎడమ పక్క ఒక పిసరు లేత. ఆ తేడా కోసం తెచ్చే చోటును కాస్త పైకి జరిపాను. కంటికి తెలియని తేడాలను పట్టుకోవడానికి వ్యూయర్‌లో గామా, అంటే మధ్యస్థపు వెలుగు, బాగా తగ్గించి చూస్తాను. అసలు బొమ్మ మారదు, చూపు మాత్రమే మారుతుంది. మామూలుగా కనిపించని అతుకు అలా చూస్తే ఉంగరంలా బయటపడుతుంది.

నిలకడగా తీసిన షాట్లు గంటలో అయిపోయాయి. కెమెరా ఎడమ నుంచి కుడికి తిరిగే షాటు మాత్రం సతాయించింది. మచ్చ కదలదు, దాని వెనుక తోరణం కదులుతుంది. కొన్ని ఫ్రేములలో మచ్చ ఆకాశం మీద, తరువాత సరిగ్గా రాతి స్తంభం అంచు మీద, ఆపైన రాతి మీద. అంచు మీద ఉన్నప్పుడు అడ్డంగా తెస్తే స్తంభం పక్కన మరో అరస్తంభం మొలుస్తుంది. కాకతీయులు చెక్కనిది నేను చెక్కినట్టు. అక్కడ నిలువుగా పోవాలి, ఎందుకంటే స్తంభం అంచు నిలువుగా ఉంది, కాస్త పైన కూడా సగం రాయి, సగం ఆకాశమే. అందువల్ల ఆ షాటుకు రెండు స్ట్రోకులు పట్టాయి. ఆకాశం ఉన్నంతసేపు అడ్డంగా తెచ్చేది ఒకటి, అంచు దాటే కొద్ది ఫ్రేములకు నిలువుగా తెచ్చేది మరొకటి. వాటి నిడివిని కీఫ్రేముల ప్యానెల్‌లో అటూ ఇటూ కత్తిరించాను. రాతి మీదికి వచ్చాక ఏమీ చేయలేదు. ఆ గరుకులో, ఆ చెక్కడాల నీడల్లో మచ్చ దానంతట అదే కలిసిపోయింది.

మంగళవారం, బుధవారం

క్యాలెండర్.

ఫిల్మ్‌లో నాకు బాగా నచ్చిన షాటు ఇదే, ఎక్కువ పని పెట్టిందీ ఇదే. గుంట మగ్గంలో పెద్దాయన కూర్చుని పంజా అనే పళ్ళున్న పనిముట్టుతో పేకను దడదడ దట్టిస్తుంటాడు. కెమెరా మెల్లగా ముందుకు జరుగుతుంది. వెనుక సున్నం గోడ, దాని మీద పెచ్చులు, మేకుకు వేలాడే ఒక దుకాణం వారి క్యాలెండర్. క్యాలెండర్ అడుగున పెద్ద అంకెలతో ఫోను నంబరు. ఆ దుకాణదారు ఈ ఫిల్మ్‌కు ఒప్పుకున్నవాడు కాదు, అందువల్ల నంబరు కనిపించకూడదు.

మసక చేసేద్దామా అన్నాడు మిత్రుడు. ఫ్రేములో ఏదైనా మసకగా ఉంటే ప్రేక్షకుడి కన్ను ముందు అక్కడికే పోతుంది. ఏమి దాస్తున్నారా అని ఆలోచిస్తుంది. పెద్దాయన చేతులు చూడవలసిన సమయంలో గోడ మీది మసకను చూస్తారు. వద్దన్నాను. పోనీ క్యాలెండరే తీసేసి ఖాళీ గోడ పెడదామా? అదీ వద్దు. తేదీల గడులు, సెలవుల ఎర్ర అంకెలు, వాటి పక్కన పెన్సిలుతో రాసుకున్న కూలి లెక్కలు ఆ గదికి చెందినవి. నంబరున్న ఒక్క వరుస పోతే చాలు. పని కూడా చిన్నదవుతుంది, అతుకు చిన్నదైతే దొరికిపోయే అవకాశమూ తగ్గుతుంది.

కెమెరా కదులుతోంది కనుక ట్రాకింగ్ తప్పదు. చదునైన తలాలను వెంబడించడానికి ఫ్యూజన్‌లో ప్లానర్ ట్రాకర్ ఉంది. గోడ చదునే. క్యాలెండర్‌నూ దాని చుట్టూ ఉన్న గోడ పెచ్చులనూ కలిపి గీత గీసి ఇచ్చాను. ముందువైపు అడ్డుగా వచ్చే పడుగు దారాలను ఆ గీతలోకి రానివ్వలేదు. అవి కెమెరాకు దగ్గర, గోడ దూరం, రెండిటి కదలికా వేరు. రెండూ కలిస్తే ట్రాకర్ ఏది గోడో తేల్చుకోలేక జారిపోతుంది. నంబరు అన్నిటికంటే పెద్దగా, స్పష్టంగా ఉండేది షాటు చివర. అందుకని చివరి ఫ్రేమును ఆధారంగా పెట్టుకుని వెనక్కి ట్రాక్ చేయించాను. గోడ మీది పెచ్చులు పుణ్యం కట్టుకున్నాయి. కొత్తగా రంగు వేసిన నున్నటి గోడ అయితే ట్రాకర్ పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇక్కడి నుంచి రెండు దారులు. మొదటిది అందరూ వాడేది. ఆధార ఫ్రేమును నిలిపేసి, దాని మీద ఒకసారి క్లోన్ చేసి, ఆ చిన్న ముక్కను మెత్తటి అంచు మాస్క్‌తో కత్తిరించి, ట్రాకర్ చెప్పిన కదలికను దానికి ఇచ్చి, అసలు షాటు మీద అతికించడం. ఒక్క ఫ్రేములోనే దిద్దుతాం కనుక కావలసినంత శ్రద్ధగా చేయవచ్చు. అలాగే చేశాను, చూడముచ్చటగా వచ్చింది. ఆడిస్తే అతుకు మాత్రం నిశ్చలంగా ఉంది, చుట్టూ గోడ మినుకుమినుకుమంటోంది.

కారణం ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు వెలిగి తగ్గుతుంది. షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 50వ వంతయితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు వెలుగులు పడి అన్ని ఫ్రేములూ సమానంగా వస్తాయి. పెద్ద కెమెరాతో తీసినవన్నీ అలాగే తీశాడు. ఈ ఒక్క షాటు మాత్రం, గుంట దగ్గర పెద్ద కెమెరాకు చోటు చాలక, ఫోనుతో తీశారు. కిటికీలోంచి వెలుతురు చూసి ఫోను తన ఇష్టప్రకారం షట్టర్ వేగం పెంచుకుంది. ఒక్కో ఫ్రేములో వెలుగులో ఒక్కో ముక్క పడింది. పైగా ఫోను సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తరువాత ఒకటిగా చదువుతుంది కనుక బొమ్మ మీద అడ్డంగా పట్టీలు పాకుతున్నాయి. నిలిపేసిన ఫ్రేము నుంచి తెచ్చిన ముక్కలో ఆ పాకడం లేదు. ఇసుక రేణువుల్లాంటి నాయిస్ కూడా అందులో గడ్డకట్టుకుపోయి ఉంది.

అందుకని రెండో దారి పట్టాను. ప్లానర్ ట్రాకర్‌ను స్టెడీ పద్ధతిలో పెడితే గోడ ఫ్రేములో బిగుసుకుపోతుంది, కదిలేది మిగతా ప్రపంచం. అలా బిగిసిన గోడ మీద పెయింట్ నోడ్ వేసి స్ట్రోక్‌తో క్లోన్ చేస్తే, ప్రతి ఫ్రేములోనూ ఆ ఫ్రేము నుంచే తెచ్చి ఆ ఫ్రేములోనే వేస్తుంది. వెలుగు తగ్గితే తెచ్చిన కాగితం వెలుగూ తగ్గుతుంది, నాయిస్ కూడా సహజంగా కదులుతుంది. తరువాత అదే ట్రాకర్ కాపీలో స్టెడీ కదలికను తిరగేసే పెట్టెలో టిక్కు పెడితే గోడ మళ్ళీ తన అసలు కదలికకు వస్తుంది. బొమ్మను ఇలా రెండుసార్లు తిప్పితే కాస్త మెత్తబడుతుంది. కాబట్టి మొత్తం బొమ్మను వాడకుండా దిద్దిన వరుస ఒక్కదాన్నే మాస్క్‌తో తీసి అసలు షాటు మీద పెట్టాలి.

అయినా పూర్తికాలేదు. నంబరుకు సరిగ్గా పైన క్యాలెండర్‌లో ఖాళీ పసుపు కాగితం ఉంది. ఎవరైనా అక్కడి నుంచే తెచ్చుకుంటారు. కానీ వెలుగు పట్టీలు అడ్డంగా పాకుతున్నాయి, పైన ఉన్న కాగితం మీద పట్టీ వేరు, నంబరు మీద పట్టీ వేరు. పైనుంచి తెస్తే అతుకు తన లయలో తను మెరుస్తుంది. నంబరున్న వరుసలోనే, దానికి అటూ ఇటూ ఉన్న సన్నటి అంచుల నుంచి మాత్రమే తీసుకోవాలి. ఆ అంచులు ఒక్కోటి ఒక అంకెంత వెడల్పు కూడా లేవు. చిన్న బ్రష్‌తో ఎడమ సగం ఎడమ అంచు నుంచి, కుడి సగం కుడి అంచు నుంచి కొద్దికొద్దిగా నింపాను. అంచులో కాగితం మీద ఒక నూనె చుక్క ఉంది. అది రెండో చోట కనిపిస్తే దొంగతనం బయటపడుతుంది కనుక దాన్ని తప్పించుకుంటూ పోయాను.

ఆ తరువాత చేయి. పంజా ఎత్తినప్పుడల్లా పెద్దాయన మోచేయి క్యాలెండర్ అడుగు భాగానికి అడ్డం వస్తుంది. అప్పుడు నా పసుపు కాగితం ఆయన చేతి మీద పడుతుంది. చేతి చుట్టూ మాస్క్ గీసి, ఫ్రేము ఫ్రేముకూ బిందువులు జరుపుతూ వెళ్ళాను. చేయి వేగంగా దిగేటప్పుడు అంచు చెదిరి మసకగా ఉంటుంది, అక్కడ మాస్క్ అంచునూ అంతే మెత్తగా చేయాలి. ఇందులో చెప్పుకోవడానికి తెలివేమీ లేదు, టీ మాత్రం చాలా ఖర్చయింది. గాలిలో ఎగిరే నూలు పోగులు కొన్ని నా అతుకు కిందికి పోయి, బయటకు వస్తున్నాయి. వాటిని వదిలేశాను. ఎవరికైనా కనిపిస్తే నాకు చెప్పండి, వారిని నాతో పనిలో పెట్టుకుంటాను.

గురువారం

వాకిట్లో పరిచిన జంపఖానా షాటు ట్రైపాడ్ మీదిది. కెమెరా కదలదు, కనుక సులువనుకుంటాం. కింది నుంచి, నేలకు దగ్గరగా పెట్టి తీశాడు. జంపఖానా ముందు అంచు ఫ్రేమంతా ఉంటే వెనుక అంచు అందులో సగం కూడా లేదు. దాని మీద ఎరుపు, నలుపు, తెలుపు వంకీల వరుసలు. ఒక మూల మైకు తీగ పడి ఉంది.

వంకీలు దూరం పోయేకొద్దీ చిన్నవవుతాయి. ముందు వరుస నుంచి తెచ్చి వెనుక వేస్తే పెద్ద వంకీ చిన్న వంకీల మధ్య ఇరుక్కుంటుంది. కాబట్టి ముందు దాన్ని చదును చేశాను. ఫ్యూజన్‌లో పర్‌స్పెక్టివ్ పొజిషనర్ అనే నోడ్ ఉంది. జంపఖానా నాలుగు మూలలూ చూపిస్తే పైనుంచి చూసినట్టు దీర్ఘచతురస్రంగా పరిచి ఇస్తుంది. క్లోన్ పూర్తయ్యాక, అవే నాలుగు మూలలతో కార్నర్ పొజిషనర్ వేస్తే తిరిగి పాత కోణంలోకి వెళ్తుంది.

చదునైన జంపఖానా మీద క్లోన్ చేయడంలో లెక్క ఉంది. తెచ్చే చోటుకూ వేసే చోటుకూ మధ్య దూరం సరిగ్గా ఒక వంకీ అయినా ఉండాలి, రెండు వంకీలైనా ఉండాలి. ఒకటింపావు కుదరదు. యంత్రం మీద అచ్చేసిన బట్టయితే ఎన్ని వంకీలు దాటి తెచ్చినా సరిపోతుంది. చేత్తో నేసినదానిలో పంజా దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి నిదానంగా పడుతుంది, వంకీకీ వంకీకీ వెంట్రుకవాసి తేడా. నాలుగు వంకీల అవతల నుంచి తెస్తే ఆ వెంట్రుకలన్నీ కూడుకుని గీత విరుగుతుంది. పక్క వంకీ నుంచే తెచ్చాను, అది కూడా అడ్డంగా. వెనక్కి పోతే ఫోకస్ తగ్గి నూలు మెత్తగా కనిపిస్తోంది. కెమెరాకు అంతే దూరంలో ఉన్న నూలు మాత్రమే ఇక్కడి నూలుతో కలుస్తుంది.

తీగతో పాటు దాని నీడ కూడా పోవాలి. నీడ తీగకు ఒక పక్కన సన్నగా, లేత నలుపులో ఉంటుంది. తీగ పోయి నీడ మిగిలితే జంపఖానా మీద ముడత ఉన్నట్టు కనిపిస్తుంది. నేసిన వారికి అది తీగ కంటే పెద్ద అవమానం.

సాయంత్రం కొత్తవాడ వెళ్ళాను, రంగు చార సంగతి అడగడానికి. పెద్దాయన మగ్గం దిగి బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి తీగ ఉన్న షాటూ, లేని షాటూ పక్కపక్కన చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా చూశాడు.

"ఈ దారం ఎక్కడి నుంచి తెచ్చావు బిడ్డా?"

"పక్క వంకీలోంచి, తాతా. అక్కడిది తెచ్చి ఇక్కడ వేశాను. అక్కడిదీ అలాగే ఉంటుంది."

"అయితే రఫ్ఫు పనే. రఫ్ఫు చేసేవాడు కూడా అదే బట్ట మడతలోంచి పోగు లాగి చిరుగు కుడతాడు. కొత్త దారం పెడితే తెలిసిపోతుంది." అని, కాసేపాగి, "నీది అక్కడ తగ్గకుండానే ఇక్కడికి వస్తోంది. మీకే బాగుంది" అన్నాడు.

చార గురించి అడిగాను. నలుపు పట్టీలో ఒక నాలుగు వేళ్ళ మేర నలుపు కాస్త నీలం తిరిగింది. మిత్రుడికి అది కంటిలో నలుసు.

"నూలు చిలప మారింది. రెండోసారి వేసిన అద్దకంలో రంగు తేడా పడింది. అమ్మేటప్పుడు అది చూపించే అమ్మాను, ధర కూడా కొంత తగ్గించాను. నీ ఫిల్ములో అది మాయమైతే, కొన్న మనిషి చూసి, మంచిది వేరేవాళ్ళకు ఇచ్చి నాకు ఇది అంటగట్టావా అని అడుగుతాడు."

మిత్రుడికి ఫోను చేసి ఆ వరుసనూ కాగితం మీద కొట్టేయించాను. ఫిల్మ్‌లో ఒకచోట వ్యాఖ్యానం వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళిన సంగతి చెబుతుంది, మరోచోట వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చెబుతుంది. ఆ మాటలు వినిపిస్తుండగా తెర మీద కంప్యూటర్‌లో నునుపు చేసిన జంపఖానా చూపడం నాకూ బాగా అనిపించలేదు. మైకు తీగ మేము తెచ్చి పడేసింది, మేమే తీయాలి. చార వాళ్ళది.

శుక్రవారం

పాత ఫొటో. పెద్దాయన తండ్రి, తలపాగాతో, మగ్గం పక్కన నిలబడి. నలుపు తెలుపు, పోస్టుకార్డు పరిమాణం. నడుమ అడ్డంగా కాక, ఎవరో జేబులో పెట్టుకున్నట్టు పై భాగంలో మడత. అది ఎడమ కంటి మీదుగా పోయింది. మిగతా అంతటా తెల్లటి బూజు చుక్కలు.

స్కానింగ్‌లో ముందుచూపు కావాలి. పోస్టుకార్డు వెడల్పు సుమారు మూడున్నర అంగుళాలు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే వెడల్పు 2100 పిక్సెళ్ళు. మా ఫిల్మ్ వెడల్పు 1920. ఫొటోను తెర నిండా పెట్టి ముఖం దగ్గరికి మెల్లగా వెళ్దామంటే జాగా లేదు. 1200లో చేశాను, 4200 వచ్చాయి. రెండింతలు దగ్గరికి వెళ్ళినా పగలదు.

ఇది ఫ్యూజన్‌లో చేయలేదు. ఒక్కటే బొమ్మ, కదిలేది ఏమీ లేదు, వీడియో పనిముట్టుతో ఒరిగేదీ లేదు. ఫొటోలు దిద్దే గింప్‌లో తెరిచి, మీద ఖాళీ లేయర్ వేసి, కింది లేయర్లను కలిపి చదివే ఎంపిక పెట్టుకుని చేశాను. గింప్‌లో క్లోన్ పక్కనే హీల్ ఉంటుంది. క్లోన్ ఉన్నది ఉన్నట్టు తెస్తుంది. హీల్ పైపై గరుకును తెచ్చి, వెలుగును చుట్టుపక్కల దాంతో సరిపెడుతుంది. గోడ, పంచె, నేల మీది బూజు చుక్కలకు హీల్ హాయిగా పనిచేసింది. తలపాగా అంచు దగ్గర మాత్రం హీల్ వద్దు. తలపాగా తెలుపు, వెనుక గోడ నలుపు. చుట్టుపక్కల సరిపెట్టబోయి రెండిటినీ కలిపి బూడిద రంగు మరక చేస్తుంది. అక్కడ చిన్న క్లోన్ బ్రష్‌తో అంచు వెంబడి నడవాలి.

మడత సంగతి. గోడ మీదా చొక్కా మీదా మడతను తీసేయడం సులువు. కంటి మీద తీయాలంటే కన్ను తయారుచేయాలి, ఎందుకంటే అక్కడ కాగితం మీది బొమ్మ పొరే రాలిపోయింది. కుడి కన్ను తిరగేసి పెట్టవచ్చు. చాలామంది అదే చేస్తారు. వెలుగు ఒక పక్క నుంచి వస్తోంది, తిరగేసిన కంటిలో నీడ తప్పు వైపు పడుతుంది, ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. కన్ను వదిలేసి మిగతా మడత తీద్దామంటే, ముఖం మీద ఒక్కచోటే గీత మిగిలి కత్తిగాటులా కనిపిస్తుంది. ఇది డాక్యుమెంటరీ, ఫొటో పాతదని ప్రేక్షకులకు తెలుసు. బూజు తీసి మడతను పూర్తిగా ఉంచేశాను. మిత్రుడు ఒప్పుకున్నాడు, గొణుగుతూనే.

శనివారం

కలర్ గ్రేడింగ్, అంటే రంగులు దిద్దే పని, అయ్యాక అన్నీ మళ్ళీ చూశాను. రిజాల్వ్‌లో ఫ్యూజన్ పని ముందు, కలర్ పని తరువాత. అంటే నా అతుకుల మీద తరువాత కాంట్రాస్ట్ పెరుగుతుంది, ఆకాశం నీలం చిక్కబడుతుంది. లేతగా ఉన్నప్పుడు కలిసిపోయినది చిక్కబడ్డాక విడిపోవచ్చు. ఒక తోరణం షాటులో సరిగ్గా అదే జరిగింది. మచ్చ ఉన్నచోట లేత వలయం. వెనక్కి వెళ్ళి బ్రష్ అంచు మరింత మెత్తగా చేసి, తెచ్చే చోటు దగ్గరికి జరిపాను. రంగుల మెట్లు తక్కువగా ఉండే 8 బిట్‌లో తీసిన ఆకాశం కనుక చిక్కబడ్డాక మెట్లు మెట్లుగా కూడా కనిపిస్తోంది. నా అతుకు ఆ మెట్లను అడ్డంగా నరికింది. ఆకాశమంతటికీ సన్నటి రేణువుల్లాంటి గ్రెయిన్ చాలా కొద్దిగా వేశాను, మెట్లూ తగ్గాయి, అతుకూ అందులో కలిసింది.

అతుకులు పట్టుకోవడానికి బొమ్మను అద్దంలోలా తిరగేసి ఆడిస్తాను. రోజుల తరబడి ఒకే షాటు చూసిన కన్ను అలవాటు పడి ఏదీ పట్టించుకోదు. తిరగేస్తే కొత్త షాటు చూసినట్టే ఉంటుంది. ఒక్కో షాటును ఇంట్లో టీవీలో కూడా ఆడించాను. క్యాలెండర్ షాటును మా చెల్లెలికి చూపించి, ఏమైనా తేడాగా ఉందా అని అడిగాను. గుంటలో దీపం పెట్టుకుంటే తాతకు కళ్ళు నొప్పి రావు కదా అంది. సరే, చాలు.

మరుసటి ఆదివారం

ఫిల్మ్ కొత్తవాడలో పెద్దాయన వాళ్ళింట్లో వేశాం. ఫొటో వచ్చినప్పుడు కోడలు ఫిల్మ్ ఆపమంది.

"అన్నా, ఈ తాతగారి ఫొటో ఒకటి పెద్దది చేయించి ఇస్తారా? పటం కట్టించి హాల్లో పెడతాం. ఆ మడత లేకుండా."

ఏ4 కాగితం మీద 300 డీపీఐలో ముద్రించాలంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళు కావాలి. 1200 స్కాన్‌లో అంతకు మించే ఉన్నాయి. పరిమాణానికి ఇబ్బంది లేదు. ఇంట్లో పెట్టుకునే పటంలో మడత ఉండాలా వద్దా అన్నది వాళ్ళిష్టం, ఫిల్మ్‌కు పెట్టుకున్న పట్టింపు ఇక్కడ చెల్లదు. కన్ను మాత్రం ఎక్కడి నుంచి తెస్తానని పెద్దాయననే అడిగాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి ఇనప పెట్టెలోంచి పెళ్ళి గ్రూపు ఫొటో తెచ్చాడు. రెండో వరుసలో అదే మనిషి, అదే తలపాగా, రెండు కళ్ళూ చక్కగా ఉన్నాయి. తల చిటికెన వేలి గోరంత. 1200లో స్కాన్ చేస్తే కంటికి అరవై పిక్సెళ్ళ దాకా దక్కవచ్చు, మొదటి ఫొటోలో కన్ను వంద దాకా ఉంటుంది. కొంత పెంచాలి, పెంచాక పాత ఫొటో గరుకు దాని మీద వేయాలి. వెలుగు రెండిటిలోనూ కుడి వైపు నుంచే వస్తోంది, అది మంచిదే. తల మాత్రం కాస్త పక్కకు తిరిగి ఉంది. గ్రూపు ఫొటోను పాత పత్రికలో చుట్టి ఇచ్చారు. రేపు స్కాన్ చేసి, కన్ను కోణం కుదురుతుందో లేదో చూడాలి. కుదరకపోతే మడత తీసి, ఆ కంటిని నీడలో ఉంచి ఇస్తానని చెప్పి వచ్చాను.